రేకుపై నగిషీ - స్వర్ణకారుని చేతి సొత్తు

(గ్రామీణ స్వర్ణకార యువజనుల శిక్షణ తరగతి ప్రారంభ దినమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతిలో చేరిన మిమ్ములను చూడగా మాకు మిక్కిలి సంతోషముగా నున్నది. మీలో కొందరు తాతముత్తాతల నాటినుండి కుంపటి ముందు కూర్చున్న కుటుంబములవారు. మరికొందరు ఈ పనిని క్రొత్తగా నేర్వవచ్చినవారు. ఆడపిల్లలు కూడ వచ్చియుండుట శుభసూచకము. మేము పండితులము కాము. సుత్తి పట్టి జీవితము గడపినవారము. అందుచేత పెద్ద ఉపన్యాసము చేయ దలచలేదు. చదునైన లోహపు రేకుమీద ఉబ్బెత్తు నగిషీని తెచ్చుట ఎట్లు, అది మన వృత్తికి ఏల ముఖ్యము అను రెండు విషయములు మాత్రము మాకు తెలిసినంతలో చెప్పెదము.

"బంగారము ధర ఇంత పెరిగిన పిమ్మట మా ఊరిలో నగ చేయించుకొనువారెవ్వరు?" అని మీలో ఒకరు ఉదయముననే మమ్ములను అడిగినారు. న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానము రేకులోనే కలదు. 3 సెంటీమీటర్ల వెడల్పుగల ఒక గుండ్రని బిళ్ళను 22 కారట్ల బంగారముతో, 0.3 మిల్లీమీటరు మందమున చేసినచో దాని తూకము సుమారు మూడుముప్పాతిక గ్రాము లగును. అదే బిళ్ళను 0.1 మిల్లీమీటరు రేకుతో చేసినచో ఒకటింబాతిక గ్రాము చాలును. కాని అంత పలుచని రేకు చదునుగా నున్నంతవరకు వ్రేలితో నొక్కిన వంగిపోవును. దానిపై పువ్వునో, తీగెనో, లక్ష్మీదేవి రూపునో ఉబ్బెత్తుగా తేల్చినచో అదే రేకు బిగువెక్కి నిలబడును. మన పశువుల కొట్టములపై వేయు ముడతల రేకును చూడుడు. చదును రేకు గాలికి ఊగును. ముడతలు గల రేకు అంతే మందమైనను దూలమునుండి దూలమునకు వంగక నిలుచును. నగిషీ అందము కొరకు మాత్రమే పుట్టినది కాదు. తక్కువ బంగారముతో నిండైన నగను చేయుటకు మన పెద్దలు కనిపెట్టిన ఉపాయ మది. కాసులపేరులోని కాసు, జడబిళ్ళ, వడ్డాణపు బిళ్ళలు, పుస్తెలు, ఇవన్నియు ఈ ఉపాయముననే నిలిచియున్నవి.

ఈ విద్య మనకు నిన్న మొన్న వచ్చినది కాదు. గుంటూరు సీమలోని భట్టిప్రోలు స్తూపమును 1892లో అలెగ్జాండర్ రీ అను పురాతత్త్వ శాఖ అధికారి త్రవ్వించినప్పుడు, ధాతువులుంచిన పేటికలలో బంగారు పువ్వులు లభించినవి. అవి రెండువేల ఏండ్లకు పైబడినవి. మన దేశపు తొలి నాణెములైన ఆహత నాణెములు సైతము వెండి రేకు ముక్కలపై సూర్యుడు, చెట్టు, ఏనుగు మొదలగు గుర్తులను ఒక్కొక్క ముద్దరతో విడివిడిగా కొట్టి చేసినవే. వరంగల్లు త్రోవలో జనగామ సమీపమునగల పెంబర్తి గ్రామమున నేటికిని ఇత్తడి రేకును లక్కపై పరచి, ఉలులతో దేవతామూర్తులను తేల్చు పనివారు కలరు. దేవాలయముల తలుపులకు, రథములకు, వాహనములకు వారి రేకు పని ప్రసిద్ధము. వారు ఇత్తడిలో చేయుచున్నదియు, మనము బంగారములో చేయుచున్నదియు ఒక్క తల్లి బిడ్డలే.

ఇక పని తీరు చెప్పెదము. రేకుపై నగిషీ తెచ్చు మార్గములు ముఖ్యముగా మూడు. లక్కపై ఉలి పని, అచ్చు పని, రోలర్ల మరపై చేయు పని. ఏ మార్గము పట్టినను మొట్టమొదట నేర్వవలసినది మాత్రము ఒక్కటే. అది రేకును కాచుట.

రేకును సుత్తితో కొట్టినను, మరలో నొక్కినను అది క్రమముగా గట్టిపడును. లోహములోని సన్నని రవలు ఒత్తిడికి నలిగి, ఒకదానిపై నొకటి జరుగుటకు చోటు లేక బిగిసిపోవును. ఆ స్థితిలో మరల కొట్టినచో లోహము సాగదు, పగులును. నిప్పుపై కాచినప్పుడు ఆ రవలు మరల క్రొత్తగా ఏర్పడి, రేకు మెత్తబడును. కాచుటకు గుర్తు రంగు. ఎండలో కూర్చుండి కాచినచో ఎరుపు కంటికి తెలియక హద్దు మీరును. అందుచే నీడగల మూలను కూర్చుండి, రేకు మసక ఎరుపు తిరుగగానే మంట తీయవలెను. వెండి సుమారు 960 డిగ్రీల వద్దను, మేలిమి బంగారము 1064 డిగ్రీల వద్దను కరగును. రాగి, వెండి కలిసిన బంగారము అంతకంటె ముందుగనే కరగును. పలుచని రేకునకు ఎరుపునకును కరుగుటకును నడుమ ఉన్న గడువు కొన్ని క్షణములే అని మరువకుడు.

ఈ సందర్భమున మా సొంత తప్పు నొకదానిని మీకు చెప్పవలసియున్నది. అప్పుడు మాకు పదునారేండ్లు. మా ఊరి రైతు ఇల్లాలొకామె, తన తల్లి నగను కరగించి కూతురికి పుస్తెలు చేయుమని మా తండ్రిగారికి ఇచ్చి వెళ్ళినది. పెండ్లి మరునాటి తెల్లవారుజామున. తండ్రిగారు వేరొక పనిలో నుండి పుస్తెల పని మాకు అప్పగించినారు. మేము రేకు సాగదీసి, గుండ్రముగా కత్తిరించి, దిమ్మె గుంటలో పెట్టి కొట్టితిమి. సగము దిగిన తరువాత తీసి మరల కాచవలెను. కుంపటి చల్లారియుండెను. బొగ్గు రాజవేయుటకు బద్ధకించి, అట్లే ఇంకొక నాలుగు దెబ్బలు వేసితిమి. రెండవ పుస్తె అంచున వెంట్రుకవంటి పగులు పడినది. ఎవరును చూడకుండ దానిపై రవంత అతుకు పొడి వేసి, వెలిగారము రాచి, ఊదుగొట్టముతో కరగించి, మెరుగు పెట్టితిమి. పైకి ఏమియు కానరాలేదు.

రాత్రి తండ్రిగారు దీపము వద్ద ఆ పుస్తెను త్రిప్పి త్రిప్పి చూచి, గోటితో అంచు మీటి, "ఏమిరా నాయనా, దీనికి గొంతు మారినదేమి?" అని అడిగినారు. మేము తలవంచుకొంటిమి. ఆయన కోపపడలేదు. "ఆ తల్లి ఈ పుస్తె కళ్ళకద్దుకొని కూతురి మెడలో కట్టించును. పగులు సంగతి ఆమెకు తెలియదు, మనకు తెలియును. తెలిసి ఈయవచ్చునా?" అని మాత్రము అని, రెండు పుస్తెలను మరల మూసలో వేసినారు. ఆ రాత్రి మేమిద్దరము నిద్రపోలేదు. మూడు పర్యాయములు కాచి, మూడు పర్యాయములు దించి, కోడి కూయువేళకు పని ముగించితిమి. ఆమె రాగానే తండ్రిగారు పుస్తెలను, మిగిలిన ముక్కలను, ఆకురాయి పొడిని ఒకే తక్కెటలో ఉంచి తూచి చూపి, "అమ్మా, రాత్రి మావాడి చేతిలో ఒకటి చెడినది. అతుకు పడిన బంగారమును గూడ కరగించితిమి. ఆ అతుకులోని వెండి, రాగి పాళ్ళకు బదులు మా బంగారము వేసితిమి" అని జరిగినది జరిగినట్లు చెప్పినారు. ఆమె ఒక్క క్షణము మా వంక చూచి, "పోనీలే అన్నయ్యా, పిల్లవాడు. చెప్పితివి గనుక నాకు నమ్మకము పెరిగినది" అన్నది. తరువాత ఆమె ఇంట ముగ్గురు మనుమరాండ్ర పుస్తెలను మేమే చేసితిమి. కాచుట మరచిన రేకు పగులుననియు, పగులు దాచిన చేయి వృత్తికి పనికిరాదనియు మేము ఒకే రాత్రి నేర్చుకొంటిమి.

ఇప్పుడు మొదటి మార్గమైన లక్కపై ఉలి పని. గుగ్గిలము, సన్నని ఇటుకపొడి, కొంచెము నూనె కలిపి కాచిన ముద్దను గాని, లక్కను గాని పలకపై పరచి, వేడిగా నున్నప్పుడే రేకును దానిపై అతికింపవలెను. ముద్ద రేకునకు మెత్తని పరుపువంటిది. దెబ్బ పడినచోట దిగనిచ్చును, ప్రక్కలను మాత్రము కదలనీయదు. ముందుగా వెనుక వైపునుండి మొద్దు మొనగల ఉలులతో బొమ్మను ఉబ్బింపవలెను. తరువాత రేకును వేడిచేసి ఊడదీసి, శుభ్రపరచి, కాచి, త్రిప్పి అతికించి, ముందువైపునుండి సన్నని ఉలులతో రేఖలు దిద్దవలెను. ఇందు వాడు ఉలికి పదును ఉండరాదు. ఇది లోహమును కోయు పని కాదు, త్రోయు పని. రేకులో ఒక్క రవ్వయు తరుగు పోదు. ఈ మార్గమున ప్రతి నగయు వేరుగా నుండును. ఓర్పు, చిత్రలేఖనము రెండును కావలెను.

రెండవది అచ్చు పని. కంచు దిమ్మెలోగాని, ఉక్కు దిమ్మెలోగాని బొమ్మను లోతుగా చెక్కి, దానిపై కాచిన రేకును పరచి, పైన సీసపు ముక్కనుంచి సుత్తితో కొట్టుదురు. సీసము మెత్తనిది గనుక రేకును గుంటలోని మూలమూలకు త్రోయును. ఇందొక పెద్ద ప్రమాదము కలదు. సీసము రవంతయైనను రేకునకు అంటుకొని యుండగా నిప్పుపై పెట్టినచో అది బంగారములో దిగి, ఆ చోట బంగారము పెళుసై విరిగిపోవును. అందుచే రేకునకును సీసమునకును నడుమ పలుచని తోలుగాని, దళసరి కాగితముగాని ఉంచుట, కాచుటకు ముందు రేకును బాగుగా తుడిచి రుద్దుట తప్పనిసరి. సీసము ఒంటికిని మంచిది కాదు. ముట్టిన చేతులు కడుగక అన్నము తినరాదు. దానిని ఇంటిలో, పిల్లలున్నచోట ఎన్నడును కరగింపరాదు.

అచ్చు పని ఊరికి అన్నము పెట్టిన కథ వినదలచినచో మచిలీపట్నమునకు ఆనుకొనియున్న చిలకలపూడికి పోవలెను. రాగి మొదలగు లోహముల పై పలుచని బంగారు రేకును తాపడము చేసి నగలుగా మలచుటలో ఆ ఊరు పేరుపొందినది. "చిలకలపూడి బంగారము" అను మాట తెలుగునాట నలుమూలల వ్యాపించినది. అక్కడ ఒకరు అచ్చు కొట్టుదురు, ఒకరు అతుకుదురు, ఒకరు రాళ్ళు పొదుగుదురు, ఒకరు మెరుగు పెట్టుదురు. ఇంటింట స్త్రీలకును పని దొరకును. తరువాతి కాలమున తాపడమునకు బదులు విద్యుత్తుతో బంగారు పూత పూయు పద్ధతి వచ్చినది. పోతేపల్లిలో నగల తయారీకి ప్రత్యేకముగా పారిశ్రామిక వాడయు వెలసినది. పూత ఏదైనను, దాని క్రింద నగకు రూపు నిచ్చునది అచ్చే. మంచి అచ్చు చెక్కగలవానికి అక్కడ నేటికిని గౌరవము తరుగలేదు.

మూడవది రోలర్ల మర. పట్టణములలోని కొట్లలో మీరు దీనిని చూచియుందురు. రెండు ఉక్కు రోలర్ల నడుమ రేకును పోనిచ్చి సాగదీయు యంత్రమిది. రేకును పలుచన చేయుటకే దీనిని చాలమంది వాడుదురు. కాని దీనితోనే రేకుపై ఎన్నెన్నో అల్లికలను, గరుకులను ముద్రింపవచ్చును. ఇది మీవంటి యువకులకు మిక్కిలి అనువైనది. ఏలయన, అచ్చు చెక్కించుటకు డబ్బు కావలెను. దీనికి మీ ఊరి వస్తువులే అచ్చులు.

పద్ధతి ఇది. రేకును కాచి, పులుసులో వేసి నలుపు పోగొట్టి, కడిగి, పూర్తిగా ఆరనీయవలెను. తడి మిగిలినచో ఉక్కు రోలర్లు తుప్పు పట్టును. తరువాత రేకుపై నగిషీ వస్తువు నుంచి, దానిపై ఒక ఇత్తడి రేకును కప్పి, మూడింటిని కలిపి ఒకే పర్యాయము రోలర్లలోనుండి పోనీయవలెను. నరసాపురపు లేసు ముక్క నుంచినచో లేసు అల్లిక దిగును. ఈనెలు తేలిన ఎండు రావి ఆకును ఉంచినచో ఈనెలన్నియు అచ్చు పడును. గరుకు కాగితముంచినచో ఇసుక చల్లినట్టి మెరుపు వచ్చును. ముతక నేత గుడ్డ, తాటియాకు అల్లిక, దళసరి కాగితమున కత్తిరించిన ముగ్గు, ప్రతిదియు ఒక నగిషీయే. ఆకు, లేసువంటివి ఒక్కసారికే పనికివచ్చును. ఆ నగిషీని ముందుగా ఇత్తడి రేకుపై దించి ఉంచుకొన్నచో, ఆ ఇత్తడి రేకునే అచ్చుగా వెండి, బంగారములపై మరల మరల వాడవచ్చును. దానిని మాత్రము కాచరాదు. అచ్చు గట్టిగాను, నగ రేకు మెత్తగాను ఉండవలెను.

ఈ పనిలో ఐదు జాగ్రత్తలు చెప్పెదము.

ఒకటి: ఇనుప తీగెగాని, ఇనుప జాలిగాని, గరుకు కాగితముగాని రోలర్లను నేరుగా తాకరాదు. తాకినచో రోలరుపై గీత పడి, ఆపైన పోవు ప్రతి రేకుపై ఆ గీత దిగును. రెండువైపుల ఇత్తడి రేకులను కప్పియే పోనీయవలెను.

రెండు: బిగువు ఎంత కావలెనో ముందు రాగి ముక్కపై పరీక్షించి, మర పిడి ఎంత త్రిప్పినదియు గుర్తు వ్రాసికొనవలెను. రేకును వెనుకకు త్రిప్పి రెండవసారి పోనిచ్చినచో ముద్ర జంటయై చెడును.

మూడు: రేకు పోవు దిక్కున సాగును. గుండ్రని పువ్వు కోలగా మారును. అందుచే బిళ్ళను ముందు కత్తిరించి ముద్రవేయరాదు. ముద్రవేసిన పిమ్మట కత్తిరింపవలెను.

నాలుగు: ముద్ర దిగునప్పుడు రేకు పలుచనగును. కావలసిన మందము కంటె కొంచెము ఎక్కువ మందముతో మొదలుపెట్టవలెను.

ఐదు: ముద్రవేసిన తరువాత ఆకురాయి, సుత్తి తగిలినచో నగిషీ చెరగును. వంచవలసివచ్చినచో కొయ్య సుత్తిని, తోలును వాడవలెను. అతుకు పొడి నగిషీ గుంటలలోనికి పారకుండ వెనుకవైపుననే ఉంచవలెను.

నలుపు పోగొట్టుటకు చింతపండు పులుసు మేలు. ఆమ్లము వాడువారు నీటిలోనికి ఆమ్లమును మెల్లగా పోయవలెను. ఆమ్లములోనికి నీరు పోసినచో అది ఎగసి ముఖముపై పడును. ఆమ్లములో ఇనుప పటకారు ముంచినచో వెండిపై రాగి పొర క్రమ్మును. రాగి పటకారును గాని, కొయ్య పుల్లను గాని వాడుడు. ఊదుగొట్టము, పొగ, ఆమ్లపు ఆవిరి మన పూర్వుల ఊపిరితిత్తులను ఎంత దహించినవో మేము కన్నులార చూచితిమి. రెండు కిటికీలు లేని గదిలో కుంపటి పెట్టుకొనరాదు.

ఇక కడపటి మాట నమ్మకమును గూర్చి. మన వృత్తి ఇదివరలో ఒక పెద్ద గాలివానను చూచినది. 1963 జనవరిలో బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చి, 14 కారట్లకు మించిన నగలు క్రొత్తగా చేయరాదన్నప్పుడు, ఎందరో స్వర్ణకారులు కుంపట్లు ఆర్పి కూలికి పోయినారు. 1968లో చట్టముగా మారిన ఆ నియంత్రణ 1990లో రద్దయినది. ఆ దినములను దాటి నిలిచినవారు ఊరివారి నమ్మకము వలననే నిలిచినారు. నేడు 2021 జూన్ నుండి హాల్‌మార్కు విధానము దశలవారీగా జిల్లాలలో తప్పనిసరియైనది. 22 కారట్ల నగపై 916 అను అంకెయు, ప్రతి నగకును ఆరు అక్షరముల, అంకెల ప్రత్యేక గుర్తును ఉండును. దీనిని చూచి భయపడనక్కరలేదు. రేకు పని చేయువాడు దీనిని తనకు తోడుగా తలపవలెను. ఏలయన, ఉబ్బెత్తు నగ చూపునకు బరువుగాను, తూకమునకు తేలికగాను ఉండును. గుల్ల నగలలో లక్క నింపుట కూడ కలదు. లక్క నింపుట మోసము కాదు, లక్క తూకమును బంగారపు తూకముగా చెప్పుట మోసము. బంగార మెంత, లక్క ఎంత, కూలి ఎంత అని చీటీపై వేరువేరుగా వ్రాసి యిండు. ఆ చీటీయే మీ కొట్టుకు గొప్ప ప్రకటన.

మర కొనుటకు ధనమెక్కడిది అందురేమో. నలుగురైదుగురు కలిసి ఒక మర కొని, వంతులవారీగా వాడుకొనవచ్చును. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమునందలి 18 వృత్తులలో స్వర్ణకార వృత్తియు ఒకటి. అందు శిక్షణతోపాటు, మొదట 1 లక్ష రూపాయలు, అది తీర్చిన పిమ్మట 2 లక్షల వరకు, 5 శాతము వడ్డీపై అప్పు నిచ్చు ఏర్పాటు చేసినారు. అప్పు తీసికొనుటకు ముందు, నెలకు ఎన్ని బిళ్ళలు చేయగలరో, ఎవరు కొందురో కాగితముపై లెక్కవేసికొనుడు. పని లేని మర అప్పును తీర్పజాలదు.

రేపటినుండి మీకు రాగి రేకులనే ఇచ్చెదము. బంగారము అడుగవద్దు. ప్రతి నగిషీకి ఒక రాగి ముక్కను దాచి, దాని వెనుక మందము, కాచిన పర్యాయములు, మర బిగువు వ్రాసి పెట్టుకొనుడు. నూరు ముక్కలు కూడిననాడు మీ చేతిలో ఒక గ్రంథమే యుండును. యంత్రము ఒకే పువ్వును వేయి పర్యాయములు కొట్టగలదు. మీ ఊరి రావియాకును, మీ అమ్మమ్మ వేసిన ముగ్గును ఒక పెండ్లికూతురి మెడలోనికి తేగలవారు మీరే.

మా తండ్రిగారు పోయి చాలకాలమైనది. ఆయన దిమ్మె మాత్రము మా వద్ద కలదు. నేడు దానిని వెంట తెచ్చితిమి. ఎవరైనను వచ్చి చూడవచ్చును. దాని గుంట అంచున పడిన ఒక చిన్న నొక్కు మా పదునారేండ్ల బద్ధకపు గుర్తు. దానిని మేము సరిచేయలేదు. మీరు గూడ దానిని తాకి చూచి, కుంపటి రాజవేసి, పని మొదలుపెట్టుడు.